నాగమణి తెచ్చిన కిడ్నీ

మా చెల్లెలి మనవరాలికి పీజీలో పాథాలజీ సీటు వచ్చిందని తెలిసి చుట్టాలందరూ ఫోన్లు చేసి పరామర్శించారు. పరామర్శే, ఇంకో మాట లేదు. “పోన్లెండి, వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు” అని ఒకావిడ. “ఆడపిల్లకి హాయైన పనండీ, పేషెంట్లుండరు, పేచీలుండవు” అని ఒకాయన. ఆ పిల్ల అమలాపురంలో మా ఇంటికొచ్చి, ముక్కు ఎగబీలుస్తూ, “పెద్దమ్మమ్మా, ఇంక జన్మంతా గాజుపలకలు చూసుకుంటూ కూర్చోవాలా?” అంది.

నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా ఆ పనే చేసినదాన్ని ఎదురుగా పెట్టుకుని అనాల్సిన మాటేనా అది? “కూర్చో, కూర్చుంటే నీకే తెలుస్తుంది” అని కసిరి, కాఫీ ఇచ్చి పంపేశాను. అది గుమ్మం దాటాక బాధేసింది. కసరడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. ఆ జబ్బు ఒకసారి ఎంత పని చేసిందో కూడా ఇందులో రాస్తాను.

అమ్మలూ, ఇది నీకూ, నీలాగే ఈ పనిలోకి ఏడుస్తూ వచ్చేవాళ్ళకీ. ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. సన్మానాలూ ఉండవు, ఆ శాలువాలు ఎప్పుడో పంచిపెట్టేశాను. నేను ఎక్కువ చూసింది కిడ్నీలు కాబట్టి కిడ్నీ కథే చెబుతాను.

గోరంత చోటు

కిడ్నీలో గడ్డ ఉందని స్కానులో తేలితే సర్జను ఆ కిడ్నీని తీసేస్తాడు. తీసింది మన దగ్గరికి వస్తుంది. గడ్డని కోసి, చిన్న ముక్కలు ఎంచుకుని, వాటిని మైనంలో పోసి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, రంగులు వేసి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తాం. అది కాన్సరా కాదా, ఏ రకం అన్నది మొదటి ప్రశ్న. రెండో ప్రశ్నే ఇంటివాళ్ళకి కావలసింది: ఇది నెమ్మదైనదా, దూకుడుదా? దానికి జవాబుగా ఒకటి నుంచి నాలుగు దాకా ఒక నంబరు ఇస్తాం. అదే గ్రేడు.

ఆ నంబరు ఎక్కడినుంచి వస్తుందనుకున్నావు? ఒక చుక్కలోంచి. ప్రతి కణం మధ్యలో న్యూక్లియస్ ఉంటుంది కదా, దాని లోపల ఒక చిన్న చుక్క ఉంటుంది. కణం ఎంత తొందరలో ఉంటే ఆ చుక్క అంత పెద్దదవుతుంది. నలభై రెట్లు పెంచి చూపే నలభై లెన్సు పెట్టినా చుక్క కనబడీ కనబడనట్టుంటే ఒకటి. నలభైలో తేటగా కనబడి, పది లెన్సులో తెలియకపోతే రెండు. పదిలోనే కనబడిపోతే మూడు. ఇక కణాలు తమ ఆకారమే మర్చిపోయి రాక్షసంగా పెరిగినా, దారప్పోగుల్లా సాగిపోయినా నాలుగు. అప్పుడు చుక్కతో పనే లేదు.

ఇంకో సంగతి గుండెల్లో రాసుకో. గడ్డంతా రెండో నంబరే అయి, ఎక్కడో గోరంత చోట నాలుగు ఉంటే, ఆ గడ్డ నంబరు నాలుగే. ఆ గోరంత చోటే అతన్ని ఏం చెయ్యాలో నిర్ణయిస్తుంది. గడ్డ ఎంత పెద్దది, ఎంత దూరం పాకింది అన్నవి కూడా చూస్తారు, అది వేరే లెక్క. నంబరు మాత్రం మనదే. మనం కత్తి పెట్టని చోట ఏముందో ఇంకెవరికీ తెలియదు.

పదికి కనబడిందా?

నాకు ఈ పని నేర్పిన ప్రొఫెసరుగారు పొట్టిగా, బక్కగా, ముక్కు మీద కోపంతో ఉండేవారు. స్లయిడు పెట్టగానే నేను ఠక్కున నలభై లెన్సు తిప్పేదాన్ని. దగ్గరగా చూస్తే ఎక్కువ తెలుస్తుందని కుర్రతనపు నమ్మకం. ఒకసారి ఒక కిడ్నీ గడ్డ నలభైలో చూసి, చుక్కలు కనబడ్డాయి కాబట్టి రెండు అని రాసేశాను. ఆయన వచ్చి, నన్ను జరగమని, లెన్సుని పదికి తిప్పి, ఒక్క క్షణం చూసి లేచారు.

“వీధి చివర్నుంచే కనబడుతున్న మనిషిని గడప దగ్గర నించుని వెతుకుతున్నావేంటమ్మా?” అన్నారు.

చూశాను. పదిలోనే చుక్కలన్నీ నా వంక కళ్ళు మిటకరిస్తున్నాయి. అది మూడు. ఆ తర్వాత ఆరునెలలపాటు కాంటీన్లో కనబడ్డా సరే, “పదికి కనబడిందా?” అని ఏడిపించారు. అప్పుడు ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు ఆ మాటకి దణ్ణం పెడతాను.

ఆయన గొప్ప గురువే. కానీ ఒక్క తప్పు చేశారు. తన తప్పుల్లో ఒక్కటంటే ఒక్కటి మాకు చెప్పలేదు. ఆయన కన్ను ఎప్పుడూ పొరబడలేదనుకుని పెరిగాం మేం. దాంతో మేం పొరబడిన రోజున ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. నేను ఆ తప్పు నీ విషయంలో చెయ్యను.

ఆలమూరు మూడో నంబరు

కాలేజీలో రిటైరయ్యాక అమలాపురంలో చిన్న లాబ్ పెట్టుకున్నాను. కాకినాడలో నా పాత విద్యార్థి ఒకడు సర్జను, కిడ్నీ తీస్తే నాకే పంపేవాడు. ఎలా పంపేవాడు అంటావేమో. కొరియరూ గిరియరూ ఏం లేదు. కిడ్నీని ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఫార్మలిన్ పోసి పెట్టి, చీటీ రాసి, మూత బిగించి ఇంటివాళ్ళ చేతిలో పెట్టేవాడు. వాళ్ళు బస్సెక్కి ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. ఈ చుట్టుపక్కల చాలా ఏళ్ళు అలాగే జరిగింది.

అలా వచ్చినవాళ్ళలో ఆలమూరు నుంచి సుబ్బారావుగారని ఒక రైతు ఉండేవారు. ఆయనకి మూడో నంబరు వచ్చింది. రిపోర్టు తీసుకోడానికి తనే వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, “మూడంటే ఎన్ని పంటలు చూస్తానండీ?” అని అడిగారు. నాకు తెలియదని చెప్పాను. “మీకూ తెలియదా అండీ?” అని తెరిపిన పడ్డట్టు నవ్వారు.

మరుసటి ఏడు చక్రకేళి గెల మోసుకుంటూ వచ్చి గుమ్మంలోంచే కేకేశారు. “ఆయ్, మూడో నంబరు వచ్చేడండీ!” ఆ తర్వాత ఏటేటా అదే కేక, అదే గెల. పదేళ్ళు దాటాక వేరే జబ్బుతో పోయారు. ఆ ఏడు గెల రాలేదు. నేను లాబ్‌లో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

నంబరు అంటే అదీ. అలాంటి గడ్డలున్న వందమంది ఎలా ఉంటారో అది చెబుతుంది. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న ఒక్కడి సంగతి చెప్పదు. కానీ ఆ ఒక్కడూ, అతని పెళ్ళాం పిల్లలూ ఆ నంబరు పట్టుకునే బతుకు సర్దుకుంటారు. అందుకే దాన్ని చులకనగా ఇవ్వకూడదు.

మంచినీళ్ళు

ఒక సోమవారం పొద్దున్న లాబ్ తలుపు తీసేసరికి అరుగు మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. ఒళ్ళో ఉతికిన తువ్వాలు చుట్టిన డబ్బా. పేరు నాగమణి, ఊరు ముక్తేశ్వరం. భర్త సత్యనారాయణ కొబ్బరి దింపు తీసేవాడు. శనివారం కాకినాడలో అతని ఎడమ కిడ్నీ తీశారు. అత్తగారిని అతని దగ్గర ఉంచి, తను డబ్బా తెచ్చింది.

మూత తీశాను. ఫార్మలిన్ ఘాటు ముక్కుకి తగల్లేదు. తగలాల్సింది. తగల్లేదు.

“ఇందులో మందేదమ్మా?” అన్నాను.

“పారబోసేసేనండి.”

“ఏం చేశావ్?”

“బస్సులో మూత వదులైపోయిందండి. ఆ ఘాటుకి పక్కవాళ్ళకి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అందరూ కేకలేసేరు. యానాంలో దిగిపోయి కుళాయి దగ్గర పారబోసి, మంచినీళ్ళు పట్టేనండి. నిన్న ఆదివారం మీరు తియ్యరన్నారు. అందుకని ఇంటికాడే నీడలో పెట్టి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు మార్చేను.” అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. “ఆయన ఒంట్లోదండీ. అంత మంటలో ఎలా ఉంచుతానండి?”

ఆ మాట విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం నోరు పారేసుకున్నాను. ఫార్మలిన్ లేకపోతే కణాలు కుళ్ళిపోతాయి, చుక్కలు చెరిగిపోతాయి. నీళ్ళు పోస్తే ఇంకా త్వరగా పాడవుతాయి. అంత ఓపిగ్గా చెప్పే మనిషినా నేను? “నీకేమైనా బుద్ధుందా? నీ మొగుడి ప్రాణం ఇందులో ఉంటే కడిగేసుకొచ్చావా?” అని అరిచాను. నాగమణి తువ్వాలు మడత పెట్టుకుంటూ నిలబడింది. మడత పెట్టిందే మళ్ళీ పెట్టింది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. “నేను కువైట్లో చేస్తానండి, ఒకళ్ళింట్లో పిల్లల్ని చూస్తాను. ఆపరేషన్‌కని సెలవు పెట్టి వచ్చేను. రెండు నెలల్లో వెళ్ళకపోతే ఆ వీసా పోద్దండి. మళ్ళీ వెళ్ళొచ్చా, ఈయన దగ్గరుండిపోవాలా అన్నది మీ కాయితం చూసి చెప్తామన్నారు కాకినాడ డాక్టరుగారు.”

అంటే అదీ ఆ నంబరు మీద ఉన్న బరువు. అతను ఎన్నాళ్ళుంటాడన్నది నా చేతిలో లేదు. ఆ ఉన్నన్నాళ్ళూ ఆమె ఎక్కడుంటుందన్నది నా చేతిలోనే ఉంది.

కోపంతో కోసిన చెయ్యి

కిడ్నీని బల్ల మీద పెట్టి రెండుగా కోశాను. గడ్డ పెద్ద బత్తాయంత ఉంది, పనసతొన రంగులో. ఈ రకం కాన్సరు అదే రంగులో ఉంటుంది. లోపల చాలా భాగం మెత్తబడి జావలా అయిపోయింది. నీళ్ళు పోసేలోపు ఫార్మలిన్ తగిలిన పైపొర మాత్రం బాగానే ఉంది. ఒక చివర పైభాగంలో బొటనవేలి గోరంత తెల్లటి మచ్చ కనబడింది.

పచ్చటి గడ్డలో తెల్లటి చోటు కనబడితే ముందు అక్కడే కత్తి పెట్టాలి. ఈ సంగతి నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పుంటానో లెక్కలేదు. నాలుగో నంబరు దాక్కునేది అక్కడే. కానీ ఆ రోజు నా బుర్రనిండా నాగమణి పోసిన నీళ్ళే ఉన్నాయి. నీళ్ళు తగిలింది పైనే కదా, నాని తెల్లబడింది అనుకున్నాను. ఆ మచ్చని వదిలేసి, పచ్చగా, శుభ్రంగా ఉన్న చోటునుంచి ముక్కలు తీసుకున్నాను.

నింద వెయ్యడానికి ఒక మనిషి దొరికితే కన్ను పనిచెయ్యడం మానేస్తుంది. ఈ వ్యాసంలో నువ్వు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటానంటే అది ఇదే.

స్లయిడ్లు చూశాను. పదిలో చుక్కలు లేవు. నలభైలో ఉన్నాయి. ప్రొఫెసరుగారు చెప్పినట్టే అంతా పద్ధతిగా చూసి రెండు అని రాశాను. ముక్క పాడైంది, కొంత భాగం చూడలేకపోయాం అని ఒక వాక్యం రాసినా బాగుండేది. రాయలేదు. చదివినంతవరకూ తేటగా చదివానని పొగరు.

నాగమణి రిపోర్టు కోసం వచ్చింది. రెండని చెప్పగానే కళ్ళు తుడుచుకుంది. “అయితే వెళ్ళొచ్చా అండీ?” అంది.

“వెళ్ళు. ఆరునెలలకోసారి స్కాను మానొద్దని మీ ఆయనకి చెప్పు. నీ పని నువ్వు చూసుకో.”

“ఆ కన్నంలోంచి నేనొకసారి చూడొచ్చా అండీ? ఎలా ఉందో?”

“ఇదేమన్నా సినిమానా?” అన్నాను. ఇంకో స్లయిడు పెట్టుకున్నాను. నాగమణి “ఆయ్” అని, కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుని వెళ్ళిపోయింది.

భద్రంగారి వేళ్ళు

మా లాబ్‌లో భద్రంగారని టెక్నీషియను ఉండేవారు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఆయనకి డిగ్రీలు లేవు, వేళ్ళున్నాయి. రిపోర్టు ఇచ్చాక మిగిలిన అవయవాన్ని నెల రోజులు డబ్బాలో ఉంచి, తర్వాత పారేస్తాం. పారేసే ముందు ఆయన ప్రతి డబ్బా నాకు చూపించి, “తీసెయ్యమంటారాండీ?” అని అడగాలి. నేను తలెత్తకుండా ఊ అనాలి. అదీ మా ఆచారం.

ఆ రోజు కూడా ఊ అన్నాను. ఆయన కదల్లేదు. చేతికి గ్లవుజుతో డబ్బాలో చెయ్యి పెట్టి నొక్కుతున్నారు.

“ఏంటి భద్రంగారూ?”

“ముక్తేశ్వరం వాళ్ళదండి. అంతా మెత్తగా ఉంది గానీ ఈ తెల్లచోటు గట్టిగా ఉందండి, ముదురు కొబ్బరిలాగ.”

“అది నీళ్ళకి నానిందండీ, తెల్లబడింది.”

ఆయన చాలా మెల్లగా అన్నారు. “నీళ్ళకి నానితే మెత్తబడాలి కదండీ. గట్టిపడుద్దా?”

గ్లవుజు వేసుకుని నేనూ నొక్కాను. ఆ మాత్రం నెలకిందట నా వేలు చెయ్యలేకపోయిందా? చేసేది. నేను పెట్టలేదు, అంతే.

ఆ తెల్లచోటంతా ముక్కలు కోసి ఇచ్చాను. స్లయిడు వచ్చాక నలభై లెన్సు అక్కర్లేకపోయింది. పది కూడా అక్కర్లేకపోయింది. పచ్చటి గడ్డలోని గుండ్రటి కణాలు ఒక గీత దగ్గర ఆగిపోయాయి. ఆ గీత అవతల కణాలన్నీ సాగిపోయి, బారులు బారులుగా ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. నాలుగు. భద్రంగారు నా మొహం చూసి కుర్చీ తెచ్చి వేశారు. కూర్చునే ఉన్నానని కూడా చూసుకోలేదు పాపం.

కాకినాడ సర్జనుకి ఫోన్ చేశాను. అంతా విని, “మేడమ్, ఆవిడ నీళ్ళల్లో పెట్టింది కదా. స్పెసిమెను సరిగా రాలేదని సవరణ రిపోర్టు పంపండి చాలు. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. నేను వాళ్ళని పిలిచి చెబుతాను” అన్నాడు.

మంచివాడు. నన్ను కాపాడాలనే అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆ మాట చల్లగా తగిలింది నాకు. అందులో అబద్ధం కూడా ఏం లేదు. నీళ్ళు పోసిన మాట నిజమే. కానీ ఆ తెల్లచోటు నీళ్ళకి ఏమీ కాలేదు, శుభ్రంగా చదవడానికి వీలుగా ఉంది. నేను చదవలేదు. ఇంకోసారి ఆ పిల్ల నెత్తిన పెట్టి తప్పుకోమంటావా అన్నాను వాడితో. “ఎప్పుడు వెళ్తోందో తెలుసా?” అని అడిగాను.

“రేపు సాయంత్రం బస్సుకి హైదరాబాదు బయల్దేరుతున్నామని చెప్పేరు మేడమ్.”

తాడు ముడి

మర్నాడు పొద్దున్నే ముక్తేశ్వరం వెళ్ళాను. డ్రైవరు దారిలో అడిగి ఇల్లు పట్టుకున్నాడు. రేకుల ఇల్లు, పక్కన స్లాబు కోసం లేపిన స్తంభాలు. వసారాలో అట్టపెట్టె. ఆవకాయ, కంది పొడి, కొబ్బరి లౌజు అన్నీ సర్దేసి పైన నాగమణి పేరు పెద్ద అక్షరాలతో రాశారు. సత్యనారాయణ పీట మీద కూర్చుని ఆ పెట్టెకి కొబ్బరితాడు బిగిస్తున్నాడు. నెల రోజులు మంచాన ఉన్నా ముడి మాత్రం చెట్టెక్కేవాడి ముడే.

“మీరింత ఎండలో రావాలా అండీ? కబురంపితే మేమే వచ్చేద్దుం కదండీ” అంటూ లేవబోయాడు. వద్దన్నాను. నాగమణి లోపల్నుంచి వచ్చింది. నన్ను చూడగానే మొహం తెల్లబోయింది.

దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. “నేను తప్పు చదివానమ్మా. రెండు కాదు, నాలుగు” అన్నాను.

ఆమె అడిగిన మొదటి మాట ఇది: “నేను నీళ్ళు పోసినందుకా అండీ?”

“కాదు.”

“నీళ్ళు పోసినందుకు ఎక్కువైపోయిందా అండీ?”

“కాదమ్మా, కాదు. అది ముందునుంచీ అందులోనే ఉంది. నా కళ్ళెదురుగా ఉంది. కోపంలో నేను చూడలేదు. తప్పు నీది కాదు, నాది.”

నాగమణి గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. “నెల్రోజుల్నుంచీ అదే అనుకుంటన్నానండీ. ఆయన ప్రాణం నేనే కడిగేసేనని. రెండని చెప్పేరు గదా, అయినా పోలేదండీ ఆ మాట. అన్నం కలుపుతున్నా అదే, పడుకున్నా అదే” అని వెక్కి వెక్కి ఏడ్చింది. భర్తకి నాలుగో నంబరని చెప్పడానికి వెళ్ళిన నా ఎదురుగా, తన తప్పు కాదని తెలిసినందుకు ఆమె ఏడుస్తోంది. చెయ్యి పట్టుకుని నేనూ ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. క్షమించమన్నాను. ఈ పనిలో నేను ఆ మాట పైకి అన్నది అదే మొదటిసారి.

“నాలుగంటే గట్టిదేనాండీ?” అన్నాడు సత్యనారాయణ.

“గట్టిదేనయ్యా. స్కాన్లు తొందరగా చేయించాలి. మందులున్నాయి. కొందరికి బాగా పనిచేస్తాయి. నీకు ఎలా పనిచేస్తాయో నాకు తెలియదు.”

“ఆయ్” అని, వంగి, పెట్టెకి బిగించిన ముడి విప్పడం మొదలుపెట్టాడు. పక్కనే కత్తి ఉంది. కోసెయ్యలేదు. గోళ్ళతో ఒక్కొక్క పేటా లాగి విప్పి, తాడు చుట్ట చుట్టి చూరులో దోపాడు. నాగమణి లేచి ఆవకాయ జాడీ తీసి వంటింట్లోకి పట్టుకెళ్ళింది.

నేను మార్చుకున్నవి

ఆ తర్వాత నా లాబ్‌కి వచ్చే ప్రతి డబ్బాకీ రెండు మూతలు పెట్టించాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించాను: ఘాటుగా ఉంటుంది, కానీ పారబోయకండి, ఇందులో ఉంటేనే జబ్బు తెలుస్తుంది. కిడ్నీని రెండుగా చీల్చాకే ఫార్మలిన్‌లో వెయ్యమని సర్జనుతో పోట్లాడి ఒప్పించాను. లోపలికి మందు దిగాలి కదా. ఆదివారం కూడా లాబ్ తీశాను. ఇవన్నీ ముందే చెయ్యాల్సినవి. ఒకళ్ళ ఒళ్ళో పెట్టి బస్సెక్కించి, ఏం చెయ్యాలో ఒక్క మాట చెప్పని మనం, వాళ్ళకి బుద్ధి లేదని తిట్టడమేంటి?

తెల్లగా ఉన్నదాన్ని, గట్టిగా ఉన్నదాన్ని వదలకు. వేలితో నొక్కు. భద్రంగారి లాంటి మనిషి నీకు దొరికితే ఆయన ప్రశ్నకి తలెత్తి జవాబు చెప్పు. కోపం వచ్చిన రోజున కత్తి పట్టుకోకు, వెళ్ళి టీ తాగి రా. తప్పు తేలితే కాయితం పంపి ఊరుకోకు, మనిషివి వెళ్ళు. నువ్వు వెళ్ళి చెప్పేదాకా ఆ తప్పుని ఇంకెవరో తమదనుకుని మోస్తుంటారు.

ఆ కన్నంలోంచి

సత్యనారాయణకి మందులు కొంతకాలం బాగా పనిచేశాయి. మళ్ళీ చెట్టెక్కలేదు గానీ, కిందే కూర్చుని కాయ ఒలిచేవాడట. ఏడాదీ తొమ్మిది నెలలు బతికాడు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి నాగమణి లాబ్‌కి వచ్చింది. సన్నబడిపోయింది. కూర్చోగానే ఆమే మొదలుపెట్టింది.

“కువైట్ వెళ్ళి పదకొండేళ్ళు చేసేనండి. సెలవుల్లో వచ్చిన నెలలన్నీ కలుపుకున్నా ఈ ఇరవయ్యొక్క నెలలంత లేవు. మా పిల్లయితే నాన్న పక్కన అమ్మ కూచోడం ఇప్పుడే చూసిందండి. ఆ రోజు మీరు రాకపోతే నేను అక్కడ వాళ్ళ పిల్లలకి అన్నం పెడుతుంటే ఇక్కడ ఈయన పోయేవారండి.”

“అప్పుడు నువ్వు చూస్తానన్నావు. కసిరాను. ఇప్పుడు చూస్తావా?” అన్నాను.

తల ఊపింది. బీరువాలోంచి ఆ స్లయిడు తీసి పెట్టాను. స్టూలు ఎత్తు సరిచేసి, ఏ కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. మొదట తన రెప్పలే కనబడుతున్నాయంది. కొంచెం వెనక్కి జరగమన్నాను. జరిగింది. ఆగిపోయింది.

“గులాబీ రంగులో ఉందండీ. ఇంత బాగుంటాదేంటండీ?”

“బాగానే ఉంటుంది.”

“సన్నసన్నగా ఏవో పోతున్నాయండి, అన్నీ ఒకేపు. కాలవకి నీళ్ళొదిలినప్పుడు చేపపిల్లలు ఎదురెక్కినట్టు.”

“అవే” అన్నాను.

నాగమణి కన్ను తియ్యలేదు. చెంప మీదుగా నీళ్ళు కారి బల్ల మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

“ఇవేనా అండీ, నన్ను ఇంటికాడ ఉంచినవి?”

“ఆయ్” అన్నాను.

బయట ఇద్దరు ముగ్గురు రిపోర్టుల కోసం వేచి ఉన్నారు. భద్రంగారు తలుపు దగ్గరికొచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా దగ్గరగా వేసి వెళ్ళారు. ఆమె చూసినంతసేపు చూడనిచ్చాను.